బండ మీద చెప్పులు

మా ఆయన ఫోటోగ్రాఫరు. ఊళ్ళో జనం చేత కళ్ళు తెరిపించి బతికిన మనిషి. తాను మాత్రం ఏ ఫోటోలోనూ కళ్ళు తెరుచుకుని ఉండేవారు కాదు. మా పెళ్ళి ఫోటోలో నేను కెమెరాని మింగేసేలా చూస్తుంటాను, ఆయన నా పక్కన నిలబడి హాయిగా నిద్రపోతుంటారు. గుర్తింపు కార్డు మీదా అదే నిద్ర. లైటు వెలిగే ముందు ఆయన రెప్పలకు ఎవరో కబురు పెడతారనుకుంటాను. కుర్రతనంలో స్నేహితులు ఆయనకు 'కునుకు' అని పేరు పెట్టారట. పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ ఆ సంగతి నాకు తెలియలేదు. తెలిసిన రోజు నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు.

మా స్టూడియో బస్టాపు ఎదురుగా, మందుల షాపు పైన ఉండేది. మెట్లు ఎంత ఇరుకంటే, దిగేవాళ్ళు దిగాక గానీ ఎక్కేవాళ్ళు ఎక్కడానికి లేదు. ఒక గది, ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, నిలువుటద్దం, ఎవరూ జేబులో వేసుకుపోకుండా దారం కట్టిన దువ్వెన. ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేవాళ్ళ కోసం ఒక నల్లకోటు. వీపు దగ్గర కుట్లు విప్పేసి ఉంచాను కాబట్టి అది పట్టని మనిషి లేడు. బక్కవాళ్ళు వస్తే వెనక బట్టల క్లిప్పులు పెట్టి బిగించేదాన్ని. ముందు నుంచి చూస్తే పెద్ద ఆఫీసరు, వెనక నుంచి చూస్తే దండెం మీద దుప్పటి. "కళ్ళు ఆర్పకండి... ఆర్పకండి... అయిపోయింది," అనేవారు మా ఆయన. ఆ 'అయిపోయింది' మాత్రం గొంతు తగ్గించి, ఏదో చేజారినట్టు అనేవారు. అది ఆయన తీరు అనుకునేదాన్ని.

మనిషి మంచివారే. కోపం తక్కువ, తిండి దగ్గర పేచీ లేదు. కానీ రెండు పిచ్చులు ఉండేవి.

మొదటిది చెప్పుల పిచ్చి. గుమ్మం ముందు చెప్పులు జతగా, పక్కపక్కన, బుద్ధిగా కనిపిస్తే ఓర్చుకోలేరు. కాలితో తన్ని చెదరగొడతారు. ఒకటి గోడవైపు, ఒకటి వీధివైపు. ఫోటోకి వచ్చినవాళ్ళు పని ముగించుకుని బయటికొచ్చి రెండో చెప్పు కోసం మెట్ల కింద వంగి వెతుక్కునేవారు. ఒకసారి ఒక టీచరమ్మ చెప్పు మందుల షాపు గడప దాకా వెళ్ళింది. నేను తెచ్చిచ్చి క్షమాపణ చెప్పుకున్నాను. ఇంట్లోనూ ఇదే వరస. నేను సర్దుతాను, ఆయన తంతారు. "చెప్పులు సరిగ్గా విడవడం మీ ఇంట్లో ఎవరూ నేర్పలేదా?" అని ఎన్నిసార్లు సాధించానో చెప్పలేను. మాకు వేరే గొడవలు పెట్టుకునే తీరిక లేకపోయింది, ఉన్న తీరికంతా చెప్పులకే సరిపోయింది.

రెండోది నీళ్ళ పిచ్చి. స్టూడియోలో వెనక వేలాడదీసే తెర కోసం ఒక పెయింటరుకు పని అప్పజెప్పాం. అతను ఎంతో ముచ్చటపడి ఒక సరస్సు, గట్టు మీద రాళ్ళు, నీళ్ళలో ఆకాశం వేసి తెచ్చాడు. నాకైతే చెయ్యి పెడితే తడుస్తుందేమో అనిపించింది. మా ఆయన దాన్ని ఒక్క చూపు చూసి, ఆ సాయంత్రమే మొత్తం తెల్లరంగు కొట్టేశారు. పెయింటరు మళ్ళీ మా మెట్లెక్కలేదు. ఆ తెల్లరంగు వెనక, లైట్లు బాగా వేసినప్పుడు, సరస్సు లీలగా కనిపించేది. ఆ తెర ముందు కూర్చుని ఫోటో దిగిన వాళ్ళందరి వెనకా నీళ్ళున్నాయి. వాళ్ళకు తెలియదు.

చేతిచేతికీ ఫోను వచ్చాక స్టూడియో మూసేశాం. అమ్మాయి పెళ్ళై వెళ్ళిపోయింది. ఇద్దరమే మిగిలాం. ఆయనకు టీవీ అంటే గిట్టదు, నాకు టీవీ లేకపోతే పొద్దుపోదు. అలా ఉండగా వానలు ముఖం చాటేశాయి. ఒక ఏడాది పోతే పోనీ అనుకున్నాం, రెండో ఏడూ అంతే. కుళాయిలు సన్నబడ్డాయి. మాకు నీళ్ళొచ్చేది కొండల మధ్య ఉన్న పెద్ద రిజర్వాయరు నుంచి. ఇంకెన్నాళ్ళు నీళ్ళుంటాయో జనమే చూసుకుంటారని కేబులు టీవీ వాళ్ళు దాని గట్టు మీద ఒక కెమెరా బిగించి, పొద్దస్తమానం దాన్నే చూపించడం మొదలుపెట్టారు. కదలని బొమ్మ. మూల నీటిమట్టం అంకె. పాట లేదు, మాట లేదు. అయినా మా వీధిలో ఆడవాళ్ళు సీరియళ్ళు మానేసి దాన్ని చూశారంటే నమ్మండి.

మొదటిరోజు నేనే పెట్టాను. మా ఆయన మంచినీళ్ళ గ్లాసుతో వంటింట్లోంచి వస్తూ టీవీ వైపు చూశారు. అక్కడే ఆగిపోయారు. గ్లాసు కింద పెట్టలేదు, తాగలేదు. కాసేపయ్యాక కుర్చీ లాక్కుని టీవీకి జానెడు దూరంలో కూర్చున్నారు. ఆ రోజు నుంచి అదే ఆయన కొలువు. పొద్దున కాఫీ అక్కడే, సాయంత్రం మందు బిళ్ళలు అక్కడే. కళ్ళలో ఒత్తులు వేసుకుని ఆ నీళ్ళలోకి చూస్తూ కూర్చునేవారు.

"ఏముందండీ అందులో? కుళాయి బాధ ఊరందరికీ ఉంది, మీ ఒక్కరికేనా?" అన్నాను.

"తగ్గుతోంది," అన్నారు. అంతే.

ఆ మాటలో దిగులు కాదు, ఆశ వినిపించింది. ఊరంతా నీళ్ళు తగ్గుతున్నాయని ఏడుస్తుంటే ఈయన తగ్గాలని కోరుకుంటున్నారు.

వారాలు గడిచేకొద్దీ నీళ్ళలోంచి ఒక బండ బయటపడింది. ముందు తాబేలు వీపంత, తర్వాత పడవంత, చివరికి నలుగురు నిలబడేటంత. ఒక సాయంత్రం నేను బియ్యంలో రాళ్ళేరుతుంటే ఆయన గొంతు వినిపించింది. ఆయన గొంతులా లేదు.

"ఏమే... బండ మీద చెప్పులున్నాయి చూడు."

కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళి చూశాను. బండ మీద రెండు నల్లటి మచ్చలు, పక్కపక్కన. నిజంగానే ఎవరో విడిచి వెళ్ళినట్టున్నాయి. కాసేపటికి అందులో ఒకటి మెడ చాచింది.

"పక్షులండీ. నీటికాకులు," అన్నాను.

రెండూ ఎగిరిపోయాయి. ఆయన మాత్రం ఖాళీ బండను చూస్తూనే ఉన్నారు. నేను టీవీ కట్టేశాను. అప్పుడు చెప్పారు, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి.

ముగ్గురు స్నేహితులట. ఒకరు మా ఆయన, అప్పటికి ఒక స్టూడియోలో ఫోటోలు కడిగే పనిలో ఉన్నారు. రెండోవాడు 'హారన్'. లారీల షెడ్డులో మెకానిక్కు. గుసగుస చెబితే వీధి చివరికి వినబడేదట, అందుకని ఆ పేరు. మూడోవాడు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. కెమెరా అతనిది. ఒక్క ఫోటో తీయాలంటే ముందుకొచ్చి, వెనక్కెళ్ళి, ఎండ చూసి, మేఘం చూసి, నిలబడ్డవాళ్ళ తల ప్రాణం తోకకు తెచ్చేవాడు. అతని పేరు 'నిదానం'.

సెలవు దొరికితే చాలు, రిపేరుకు వచ్చిన ఏదో ఒక బండిని 'ట్రయల్ చూడాలి' అని చెప్పి హారన్ బయటికి తీసేవాడు. ఆ ట్రయలు సముద్రం దాకా సాగేది, కొండల దాకా సాగేది. బండి యజమాని షెడ్డులో కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాడు. ఎక్కడికెళ్ళినా ఫోటో దిగాలి. ముగ్గురుంటే ఒకరు తీయాలి, ఇద్దరే పడతారు. తీసేవాడు లేనట్టు ఉండకూడదని వాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. తీసేవాడు తన చెప్పులు విడిచి, తాను నిలబడాల్సిన చోట జతగా పెట్టి వెళ్ళాలి. మిగతా ఇద్దరూ ఆ చెప్పులకు అటూ ఇటూ నిలబడాలి. అప్పుడు ముగ్గురూ ఫోటోలో ఉన్నట్టే లెక్క.

అటక మీది రేకు పెట్టె దింపించి ఆ ఫోటోలు చూపించారు. ఆ పెట్టెలో పాత లెన్సులున్నాయనుకునేదాన్ని. వంతెన మీద ఇద్దరు కుర్రాళ్ళు, మధ్యలో చెప్పులు. సొరంగం ముందు ఇద్దరు, మధ్యలో చెప్పులు. ఇసుకలో ఇద్దరు, మధ్యలో చెప్పులు. అన్నింట్లోనూ మా ఆయన కునుకు తీస్తున్నారు. అన్నింట్లోనూ అవే చెప్పులు, ఎందుకంటే కెమెరా నిదానం చేతిలోంచి ఊడి వచ్చేది కాదు. నల్లటి మందపాటి పట్టీలు, కుడికాలి దానికి తెగినచోట రాగితీగతో కట్టు. పెట్టె అడుగు దాకా వెతికినా అతని మొహం సరిగ్గా పడ్డ ఫోటో ఒక్కటీ దొరకలేదు. ఆ మనిషి నాకు చెప్పులుగానే పరిచయమయ్యాడు.

ఆఖరి ప్రయాణం ఆ రిజర్వాయరుకి. అప్పుడూ వేసవే, బండ బయటపడి ఉంది. బండకు ఎదురుగా సన్నటి నీటిపాయ, దాని అవతల పొదలున్న గట్టు. "రీల్లో ఒక్కటే మిగిలింది, వెళ్ళేముందు తీద్దాం," అన్నాడు నిదానం. బండి ఇంజను వేడెక్కిపోయిందని మా ఆయన నీళ్ళడబ్బాతో పైన రోడ్డు మీదికి వెళ్ళారు. కొంతసేపటికి హారన్ కూడా వచ్చి సాయం పట్టాడు. ఇద్దరూ కిందికి దిగి చూస్తే బండ మీద నిదానం లేడు. చెప్పులున్నాయి. జతగా, అటూ ఇటూ చోటు వదిలి. కెమెరా లేదు.

ఇంకెవరైనా అయితే ఏమనుకునేవారు? మనిషి ఏమయ్యాడని గాభరా పడేవారు. వీళ్ళు అలా అనుకోలేదు. చెప్పులున్నాయంటే వాడు కెమెరా వెనక ఉన్నాడని వాళ్ళ లెక్క. ఎదురుగా గట్టు మీద పొదల్లో ఎక్కడో ఉండి, మంచి కోణం కోసం చూస్తున్నాడనుకున్నారు. వెళ్ళి చెప్పులకు చెరో పక్కన నిలబడ్డారు. భుజాలు సర్దుకుని, నీళ్ళవైపు చూసి నవ్వారు.

"నవ్వుతూనే ఉన్నామే," అన్నారు మా ఆయన. "ఈసారైనా కళ్ళు ఆర్పకూడదని నేను పంతం పట్టాను. ఎండ కళ్ళలో పడుతోంది. చాలాసేపైందిరా, వెళ్ళి చూద్దామా అంటే హారన్‌గాడు కదలనిచ్చాడు కాదు. 'నిదానం సంగతి తెలీదా, కదిలితే మళ్ళీ మొదలుపెడతాడు, నవ్వు' అన్నాడు. నవ్వాం. దవడలు నొప్పెట్టేదాకా నవ్వాం."

చివరికి విసుగొచ్చి, తిట్టుకుంటూ, చుట్టూ తిరిగి అవతలి గట్టుకు వెళ్ళారు. పొదల్లో ఎవరూ లేరు. మర్నాడు చేపలు పట్టేవాళ్ళకు నిదానం దొరికాడు. కెమెరా దొరకలేదు.

అక్కడితో ఆ ఇద్దరి స్నేహమూ ముగిసింది. పోట్లాడుకోలేదు. ఇద్దరు కూర్చుంటే మధ్యలో చోటు ఖాళీగా ఉంటుంది కదా, దాన్ని చూడలేకపోయారు. అంతకంటే కారణం మా ఆయనకు తెలియదు. ఆయన్ని తినేస్తున్నది ఒక్కటే ప్రశ్న. తాము నవ్వుతూ నిలబడ్డప్పుడు వాడు అవతలి గట్టు మీద ఉండి తమను చూశాడా, ఫోటో నొక్కాకే కాలు జారి పడ్డాడా? లేక అప్పటికే తమ ఎదురుగా, ఆ నీళ్ళ కింద ఉన్నాడా?

"మొదటిదైతే వాడు ఆఖరిగా చూసింది మమ్మల్ని. పోనీ అనుకోవచ్చు," అన్నారు. "రెండోదైతే వాడు మునిగిపోతుంటే ఎదురుగా నిలబడి పళ్ళికిలించాను. చెయ్యి చాస్తే అందేదేమో కూడా."

ఆ తర్వాత నేను టీవీ కట్టేయలేదు. ఆయన పక్కనే నేనూ కుర్చీ వేసుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం వేసేది. ఆ కదలని బొమ్మలో వెలుగు మారినప్పుడల్లా బండ మీద ఎవరో చోటు సర్దుకుని నిలబడుతున్నట్టు ఉండేది. చనిపోయిన మనిషి మీద అసూయ కూడా కలిగింది. ఇన్నేళ్ళు నా పక్కన పడుకున్న మనిషి నా పక్కన లేరని తెలిస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది?

నీళ్ళు అడుగంటాయి. పాయ ఎండి పగుళ్ళిచ్చింది. పూడిక తీయడానికి కూలీలు దిగారు. మట్టిలో దొరికిన వస్తువులన్నీ గేటు దగ్గర వాచ్‌మన్ షెడ్డులో పెట్టారని ఒకరోజు టీవీ వాళ్ళు చూపించారు. తుప్పు పట్టిన సైకిలు, లంగరు, ఇత్తడి బిందె, ఒక కుట్టుమిషను తల. చివర్న, మట్టిముద్దలా, ఒక కెమెరా.

మా ఆయన లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడింది.

"వాడిదే. పైన మూల సొట్ట చూశావా? సొరంగం దగ్గర హారన్‌గాడు పడేసినప్పటిది."

రీలు ఇన్నేళ్ళు మట్టిలో ఉండి మిగలదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. ఆయనకు కావలసింది రీలు కాదు. కెమెరా పైన చిన్న గాజు కిటికీ ఉంటుంది, ఎన్ని ఫోటోలు తీశారో అందులో అంకె కనిపిస్తుంది. "రీలుకు ముప్పై ఆరే. ముప్పై అయిదు ఉంటే వాడు నొక్కలేదు. ముప్పై ఆరు ఉంటే నొక్కాడు," అన్నారు. అంతలోనే నా చెయ్యి పట్టుకున్నారు. "వెనక మూత ఎవరైనా తెరిస్తే అంకె మొదటికి పోతుందే. తెరవొద్దని చెప్పు. ఎవరికైనా చెప్పు."

టీవీ వాళ్ళకు ఫోను చేశాను, వాళ్ళిచ్చిన నంబరుకు చేశాను, అక్కడి నుంచి ఇంకో నంబరు. చివరికి వాచ్‌మన్ దొరికాడు. "మూత రాలేదమ్మా, బిగుసుకుపోయింది. పార తెచ్చి కొడదామనుకుంటున్నాం," అన్నాడు. "బాబూ, నీకు పుణ్యముంటుంది, దాన్ని ముట్టుకోకు," అని అరిచాను. నా అరుపుకు పక్కింటావిడ కిటికీలోకి వచ్చింది.

ఫోను చేతిలో ఉండగానే ఇంకో పని చేశాను. అది మా ఆయన ఫోను, అందులో 'హారన్' అని ఒక నంబరు ఎప్పటి నుంచో ఉంది. ఎవరూ నొక్కేవారు కాదు. నేను నొక్కాను. నేనెవరో చెప్పాను, కెమెరా దొరికిందని చెప్పాను.

"దాని మీద నంబరు కనబడుతోందా చెల్లెమ్మా?" అన్నాడు. హారన్ అంటే ఏదో అనుకున్నాను. మాట లోగొంతుకలోంచి వచ్చింది.

"ఇంకా చూడలేదన్నయ్యా. రేపు పొద్దున వెళ్తున్నాం."

"నేనూ వస్తాను," అన్నాడు.

మర్నాడు అతను ఒక పాత వ్యాను వేసుకుని గుమ్మం ముందు ఆగాడు. బట్టతల, పెద్ద పొట్ట, కీచుమనే మోకాళ్ళు. మా ఆయన ఎదురెళ్ళారు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకోలేదు, ఏడవలేదు.

"ట్రయలేనా?" అన్నారు మా ఆయన, వ్యాను వైపు చూసి.

"ట్రయలే," అన్నాడు హారన్.

ముందు సీట్లో ఇద్దరు, మధ్యలో ఇంకొకరు పట్టేటంత చోటు. నేను వెనక కూర్చున్నాను. ఎందుకో ఆ మధ్య చోట్లోకి వెళ్ళాలనిపించలేదు.

వాచ్‌మన్ కెమెరాని పాత గోనెగుడ్డలో చుట్టి ఉంచాడు, నా అరుపు బాగానే పనిచేసింది. "ఎక్కడ దొరికింది బాబూ?" అని అడిగారు మా ఆయన. "ఆ పాయలోనండీ, బండకీ అవతలి గట్టుకీ నడుమ," అన్నాడు. అంటే అటు నుంచి పడ్డా అక్కడే, ఇటు నుంచి పడ్డా అక్కడే. మా ఆయన కెమెరాని ఒళ్ళో పెట్టుకుని షెడ్డు అరుగు మీద కూర్చున్నారు. అగ్గిపుల్లతో గాజు మీది మట్టి గీకారు. చొక్కా అంచు తడిపి తుడిచారు. ఆయన చూపు ఈమధ్య ఆనడం లేదు. "నువ్వు చూడు," అని నాకిచ్చారు. హారన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

గాజు వెనక తుప్పు. తుప్పులోంచి ఒక అంకె, ఎర్రగా. వెలుతురుకు తిప్పి మళ్ళీ చూశాను. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ముప్పై ఆరండీ."

"సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూశాను. ముప్పై ఆరు."

ఆయన ఏడుస్తారనుకున్నాను. నవ్వారు. పెళ్ళైనప్పటి నుంచి నేను చూడని నవ్వు. "నొక్కాడురా! ఒరేయ్, వాడు నొక్కాడురా! మనల్ని చూశాడు!" అని హారన్ భుజాలు పట్టుకుని ఊపేశారు. హారన్ ఊగాడు.

"ఫోటో తియ్యవే," అన్నారు మా ఆయన నాతో. "అదే బండ మీద. నీ ఫోను తీసుకుని అవతలి గట్టుకు వెళ్ళు. చెప్పులు ఇక్కడ వదులు."

కూలీలు చూస్తుండగా ఆ ముసలివాళ్ళిద్దరూ బండెక్కారు. నా చెప్పులు ఆయనే వంగి మధ్యలో పెట్టారు, జతగా, ఎంతో శ్రద్ధగా. నేను వట్టికాళ్ళతో ఎండిన పాయలోకి దిగాను. పగుళ్ళ అంచులు పాదాలకు గుచ్చుకుంటున్నాయి. మధ్యకొచ్చేసరికి నేల ఒక్కసారిగా గోతిలా దిగిపోయింది, నా తల కంటే ఎత్తు గట్లు చుట్టూ లేచాయి. అక్కడ నుంచి పైకి చూస్తే ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. బండ మీది వాళ్ళ మాటలు మాత్రం స్పష్టంగా వినబడుతున్నాయి. నేను అక్కడ నిలబడలేక పాకుతూ పైకెక్కాను.

అవతలి గట్టు నుంచి చూశాను. ఇద్దరు మనుషులు, మధ్యలో ఖాళీ చెప్పులు, ఇద్దరూ నావైపు చూసి నవ్వుతున్నారు. నేనే గనక ఇక్కడ లేకపోతే వాళ్ళకు తెలుస్తుందా అనిపించింది. "నిదానంగా తియ్యి, తొందరేం లేదు!" అని మా ఆయన అరిచారు. నొక్కాను.

తిరిగొచ్చి చూపించాను. మా ఆయన మొదటిసారి ఫోటోలో కళ్ళు పెద్దవిగా తెరిచి ఉన్నారు. ఆయన దాన్ని చూసి మురిసిపోయి, చూపించడానికి వాచ్‌మన్ దగ్గరికి పరిగెత్తారు. నేను హారన్ వైపు తిరిగాను. ఆ ఫోటోలో అతని కళ్ళు మూసుకుని ఉన్నాయి. రెప్పపాటు కాదు, గట్టిగా, బిగించి మూసుకున్నవి.

"కళ్ళెందుకు మూసుకున్నారన్నయ్యా?"

అతను వ్యాను బానెట్టు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఆ ముప్పై ఆరోది నేను నొక్కాను చెల్లెమ్మా."

నాకు అర్థం కాలేదు. చెప్పాడు.

"వీడు నీళ్ళడబ్బా పట్టుకుని పైకెళ్ళాడు. బండ మీద నేనూ నిదానంగాడూ. వాడి మొహం ఒక్క ఫోటోలోనూ సరిగ్గా లేదని కెమెరా లాక్కున్నాను. వద్దురా, ఆఖరిదిరా అంటూ నవ్వుతున్నాడు. నవ్వుతుండగా నొక్కేశాను. 'కునుకుగాడికి చెప్పకు, ఏడుస్తాడు. ఉత్తుత్తిగా నొక్కుదాంలే' అన్నాడు. అందుకే, తిరిగొచ్చి చెప్పులు చూడగానే, వాడు గట్టు మీద ఉండి ఖాళీ కెమెరాతో ఆట పట్టిస్తున్నాడనుకున్నాను. ఫోటో లేదని నాకు తెలుసు. తెలిసి నవ్వుతూ నిలబడ్డాను. వీడు పోదాం పదరా అంటే నేనే ఆపాను. ఆటలో నేనూ ఉన్నాను కదా."

ఆ గోతిలో ఉండగా నాకు వినబడ్డ వాళ్ళ మాటలు చెవుల్లో మోగుతున్నాయి.

"ఇవాళ చెప్పేద్దామనే వచ్చాను," అన్నాడు. "వీడి మొహం చూశాక నోరు పెగల్లేదు. చెప్పమంటావా?"

మా ఆయన ఫోను ఊపుకుంటూ వస్తున్నారు. ఎండలో ఆయన కుర్రాడిలా ఉన్నారు.

"వద్దన్నయ్యా," అన్నాను.

వానలు పడ్డాయి. రిజర్వాయరు నిండింది, టీవీ వాళ్ళు గట్టు మీది కెమెరా తీసేశారు. కడిగిన నిదానం కెమెరా మా షోకేసులో ఉంది, పక్కనే ఆ ఫోటో కట్టించి పెట్టారు. హారన్ అప్పుడప్పుడూ వస్తాడు, దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. మా ఆయన బాగా నిద్రపోతున్నారు. నిద్రలేచి ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళి తన చెప్పులూ నా చెప్పులూ జతలు జతలుగా సర్దిపెడుతున్నారు, ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు.

ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగుతాను. తర్వాత ఒకదాన్ని గోడవైపు, ఒకదాన్ని వీధివైపు కాలితో తన్నేస్తాను.

"మళ్ళీ ఎవరే చెదరగొట్టింది?" అని అడుగుతారు.

"వీధికుక్కండీ," అంటాను.